కీబోర్డు మొదలవగానే చేతులకు చెమటలు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ఉంటాం. పెళ్ళికి ముందు అమ్మానాన్నలతో పాటు తొమ్మిదేళ్ళు ఒక చిన్న సంఘంలో ఉన్నాను. ఎవరితో మాట్లాడాలో, ఎవరింట్లో తినాలో అక్కడి పెద్దాయనే నిర్ణయించేవారు. దేవుడు తనతో చెప్పాడనేవారు. బయటపడేసరికి మాకు బంధువులంటూ ఎవరూ మిగల్లేదు. పెళ్ళయ్యాక మా వారితో కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మందిరానికి వెళ్తున్నాను. ఏడాదిగా ఆయన శుక్రవారం సాయంత్రాలు ఒక కరిస్మాటిక్ సహవాసానికి కూడా వెళ్తున్నారు. అక్కడ ఆత్మ ప్రేరణతోనంటూ ఎవరికీ తెలియని భాషలు మాట్లాడతారు, దేవుడి మాటగా ప్రవచనాలు చెబుతారు, చేతులుంచి స్వస్థత ప్రార్థనలు చేస్తారు. మా అత్తగారూ వెళ్తున్నారు. ఆవిడ షుగరు మాత్రల షీటు ఎనిమిది రోజులుగా చింపకుండా అలాగే ఉంది. మొన్న మా ఎనిమిదేళ్ళ పాప, "నీకు విశ్వాసం లేదు కాబట్టే నాకు భాషలు రావటం లేదట అమ్మా" అంది. నాది భయమే తప్ప వివేచన కాదంటారు మా వారు. ఒకసారి నేనూ వెళ్ళాను. కీబోర్డు నెమ్మదిగా మొదలవగానే చేతులకు చెమటలు పట్టాయి. వాళ్ళను ఆపాలా, నేనే మారాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి చూడండి. మిగతాదంతా వారం ఆగినా ఫరవాలేదు, అది ఆగదు. ఈ ఉత్తరం చదివిన రోజే అత్తగారికి షుగరు పరీక్ష చేయించి, ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మాత్రలు మానేయమని అక్కడ ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మందులు కాలవలో పారేశానని ఒకావిడ సాక్ష్యం చెప్పినప్పుడు హాలంతా చప్పట్లు కొడితే చాలు, పెద్దవాళ్ళకు అర్థమైపోతుంది. ఆవిడతో విశ్వాసం గురించి వాదించకండి. కుష్ఠురోగిని బాగుచేసిన యేసే, వెళ్ళి యాజకుడికి కనబరచుకోమన్నాడని గుర్తు చేయండి. రోగం పోయిందో లేదో చూసి చెప్పవలసినవాడు ఆ రోజుల్లో యాజకుడు, ఈ రోజుల్లో డాక్టరు. ఇంకా కావాలంటే, పౌలు తన తోటివాడైన త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి రావలసి వచ్చింది. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని మాత్రం ఆయన రాయలేదు.

ఇక మీ భయం. దాని గురించి మాట్లాడే అర్హత నాకు కొంత ఉంది. నేనూ పదకొండేళ్ళు ఒక సంఘంలో ఉండి వచ్చినదాన్నే. మాది మీరు చూసినలాంటిది కాదు. కీబోర్డు లేదు, డోలక్ లేదు, చప్పట్లు లోకసంబంధమైనవి. తెల్ల చీరలు కట్టుకుని, తలమీద ముసుగు వేసుకుని, ఊపిరి చప్పుడు వినబడేంత నిశ్శబ్దంలో కూర్చునేవాళ్ళం. ఎవరూ కిందపడిపోయేవారు కాదు, ఎవరూ పెద్దగా ఏడ్చేవారు కాదు. మా అన్నయ్య పోయినప్పుడు వెళ్ళడానికి అనుమతి అడగవలసి వచ్చింది. ఒక పూట వెళ్ళి రమ్మన్నారు, అక్కడ మాత్రం ఏమీ ముట్టుకోవద్దన్నారు. మండుటెండలో నిలబడ్డ నాకు, అంత దుఃఖంలోనూ వదిన మజ్జిగ తెచ్చిచ్చింది. వద్దన్నాను. ఆ స్టీలు గ్లాసు అంచున పట్టిన చెమటతో సహా ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అందుకే చెప్తున్నాను. కీబోర్డును, పైకెత్తిన చేతులను చూసి తీర్పు చెప్పకండి. నన్ను పట్టి ఉంచింది నిశ్శబ్దమే.

కరిస్మాటిక్ అనగానే అందరినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. 1906లో లాస్ ఏంజలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ అనే నల్లజాతి బోధకుడి కూటాలతో, ఈ భాషలకూ స్వస్థతలకూ పెద్దపీట వేసే పెంతెకొస్తు ఉద్యమం ఊపందుకుంది. అంతకు ముందు ఏడాదే మన దేశంలో, పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ఆడపిల్లలు ఇలాంటి ఉజ్జీవాన్నే చూశారు. 1960 నాటికి అది కాలిఫోర్నియాలో ఒక ఎపిస్కోపల్ చర్చిలోకి, 1967లో పిట్స్‌బర్గ్‌లోని కాథలిక్కుల విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. కాబట్టి మన సి.ఎస్.ఐ., కాథలిక్, లూథరన్ మందిరాలలో శతాబ్దాల ఆరాధన క్రమాన్ని వదలకుండానే భాషలు మాట్లాడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నాకు ఇద్దరు మంచి స్నేహితులు ఉన్నారు. వాళ్ళ సంతోషాన్ని నటన అనడానికి నాకు నోరు రాదు.

అయినా నేను ఆ కూటాలలో స్థిరపడలేదు. కారణం చెప్తాను. 1970లలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు కరిస్మాటిక్ బోధకులు ఒక పద్ధతి నడిపారు. ప్రతి విశ్వాసికీ ఒక వ్యక్తిగత కాపరి ఉండాలి, ఉద్యోగమైనా పెళ్ళయినా ఆయనకు లోబడి నిర్ణయించుకోవాలి. ఆత్మ స్వేచ్ఛ గురించి మొదలైన మాట, ఇంకొకరి అనుమతి దగ్గర తేలింది. ఎన్నో కుటుంబాలు నలిగాయి. చివరికి ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ బహిరంగంగా క్షమాపణ అడిగారు. ఆ పద్ధతి నన్ను భయపెడుతుంది, ఆ క్షమాపణ మాత్రం నాకు కొంత ధైర్యం ఇస్తుంది. మా పెద్దలు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా "పొరబడ్డాం" అనలేదు.

మీ శుక్రవారం సహవాసాన్ని కూడా నేనైతే అక్కడే పట్టి చూస్తాను. ఎవరికో వచ్చిన ప్రవచనం జరగలేదనుకోండి. దాని గురించి మాట్లాడతారా, లేక విన్నవాళ్ళ విశ్వాసం చాలలేదంటారా? పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 14వ అధ్యాయం మీ వారితో కలిసి చదవండి. భాషలు మాట్లాడేవాళ్ళు ఇద్దరు, మించితే ముగ్గురు. అర్థం చెప్పేవారు లేకపోతే మౌనం. ప్రవక్తలు చెప్పినదాన్ని మిగతావాళ్ళు వివేచించాలి. ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. వివేచించమన్నది వింటున్నవాళ్ళను. మీ వారు మిమ్మల్ని భయస్థురాలంటున్నారు గానీ, పౌలు లెక్కన మీకు ఒక పని ఉంది.

భయమంతా జ్ఞానమేనని కూడా అనుకోకండి. ఒక ఇంట్లో కాలినవాళ్ళకు పక్కింటి దీపం కూడా మంటలాగే కనిపిస్తుంది. చేతులకు చెమట పట్టింది పాత పెద్దాయన వల్లనా, ఆ శుక్రవారం అక్కడ నిజంగా జరిగిన దేని వల్లనైనా? ఆ రాత్రి అక్కడ విన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకోండి. మీ ఊహను పక్కన పెట్టి మాటలే రాయండి. మీ వారికి చూపించాల్సింది ఆ కాగితాన్ని. "మీరు మోసపోతున్నారు" అంటే ఆయన ఆ సహవాసానికి ఇంకా దగ్గరవుతారు.

పాప విషయంలో మాత్రం నేను మెత్తగా ఉండలేను. తల్లి విశ్వాసలోపం వల్ల బిడ్డకు ఏదో ఆగిపోయిందని ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పినవారు ఎవరైనా, ఎంత అభిషేకం ఉన్నవారైనా, తప్పు చేశారు. ఆ మాట అన్నదెవరో మీ వారు కనుక్కోవాలి. దాన్ని సరిచేసే వరకు పాప శుక్రవారాలు ఇంట్లోనే ఉండాలని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఇది మీరొక్కరే చెబితే గొడవ, ఆయన నోట వస్తే హద్దు. పాపకు ఈ రాత్రే, పక్కలో వేసుకుని, "నీకు ఏదీ నా వల్ల ఆగలేదమ్మా" అని చెప్పండి. రెండు మూడుసార్లు చెప్పవలసి వస్తుంది. పిల్లలు ఇలాంటివి ఒక్కసారికి వదలరు.

మీరు మారాలా అని అడిగారు. అక్కర్లేదు. ఆయనతో వెళ్ళి తీరాలన్న నియమం కూడా లేదు. వెళ్ళాలనిపిస్తే ఒకసారి వెళ్ళి, తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చోండి. మధ్యలో లేచి వచ్చేయాలనిపిస్తే, ఎవరికీ చెప్పకుండా వచ్చేయండి. మరునాడు వాళ్ళలో ఎవరైనా ఫోను చేస్తారు. ఎలా ఉన్నారని అడుగుతారో, ఎందుకు వెళ్ళిపోయారని అడుగుతారో విని, నాకు మళ్ళీ రాయండి.