క్షవరం తలకా, జేబుకా?

ప్రశ్న: ఈ మధ్య బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించుకుని, రంగు వేయించుకుని వచ్చాను. బిల్లు మూడు వేలు దాటిందని చెప్పగానే మా మామగారు, "అయితే ఇవాళ క్షవరం నీకూ, మావాడికీ కూడా అయిందన్నమాట!" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వాం. బెంగళూరులో చదువుతున్న మా అమ్మాయి అదే మాటను తన స్నేహితురాలికి ఇంగ్లీషులో చెబితే, "మీ నాన్నగారు కూడా కటింగ్ చేయించుకున్నారా?" అని ఆ పిల్ల అడిగిందట. తెలుగులో అంత నవ్వించిన మాట అక్కడ ఎందుకు చప్పబడిపోయింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మామగారి మాటలోని బలమంతా 'క్షవరం' అన్న ఒక్క పదంలో ఉంది. డబ్బు పోగొట్టుకోవడాన్ని మనం క్షవరం కావడమని, గుండు కొట్టించుకోవడమని, నున్నగా గొరిగేశారని ఎంతో కాలంగా అంటున్నాం. 'క్షవరమైతే గాని వివరం తెలియదు' అన్న సామెత పుట్టింది కూడా ఈ అర్థంలోనే. స్థలం బేరంలో మోసపోయినవాడు తనకు క్షవరమైందని చెప్పుకున్నప్పుడు వినేవారికి కత్తెర గాని, అద్దం గాని గుర్తుకు రావు, ఎందుకంటే వాడగా వాడగా ఆ పోలిక అరిగిపోయి, డబ్బు నష్టమన్న అర్థమే మిగిలింది. అదే మాటను సెలూన్ బిల్లు ముందు పలికితే, నిద్రపోతున్న అసలు అర్థం ఒక్కసారిగా మేల్కొంటుంది. సొమ్ము పోవడమనే అర్థమూ, జుట్టు పోవడమనే అర్థమూ ఒకే కుర్చీలో కూర్చునే చోటు సెలూన్ ఒక్కటే కాబట్టి, ఈ ఖర్చు మీద తెలుగులో ఇన్ని చమత్కారాలు పుట్టాయని నా నమ్మకం. తిరుమల కల్యాణకట్టలో నిజమైన గుండు ఉచితంగానే చేస్తారు. డబ్బులు పోయే గుండు మాత్రం నుడికారంలోనిది.

ఒకే పదం విరగకుండా రెండు అర్థాలిస్తే దానిని అభంగ శ్లేష అంటారు. పదాన్ని విరిచి రెండో అర్థం రాబడితే అది సభంగ శ్లేష. "మా ఇంట్లో తలసరి ఆదాయం కంటే తల సరి చేయించే ఖర్చే ఎక్కువ" అన్న వాక్యం ఈ రెండో రకానికి చెందినది. దీనిని చదవడం కంటే వినడంలోనే ఎక్కువ ఆనందం ఉంది, ఎందుకంటే కాగితం మీద రెండు పదాల మధ్య వదిలిన ఖాళీ గుట్టును ముందే బయటపెడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'పన్ను'. "వెంట్రుకలు పోతాయని తెలిసే వెళ్లాను, పన్ను కూడా పోతుందనుకోలేదు" అని బిల్లు చూసినవారు అంటే, దంతమూ, ప్రభుత్వానికి కట్టే సొమ్మూ ఒకే మాటలో ఇమిడిపోతాయి. 'పోవడం' అన్న క్రియ కూడా రెండిటికీ చక్కగా అతుకుతుంది. అయితే ఈ శ్లేష ఏకవచనంలోనే బతుకుతుంది. బహువచనంలో దంతాలు 'పళ్లు' అవుతాయి, ప్రభుత్వానివి 'పన్నులు'గానే ఉంటాయి, దాంతో చమత్కారం చెదిరిపోతుంది. సెలూన్ సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం బదులు 5 శాతమే అయినా ఈ మాటకు పదును తగ్గలేదు, ఎందుకంటే నవ్వు పుట్టేది పన్ను రేటు నుంచి కాదు, పదం నుంచి.

ఇక మీ అమ్మాయి అనుభవం సంగతి. అప్పు ఇచ్చిన బ్యాంకు తనకు రావలసిన దానిలో కొంత వదులుకోవడాన్ని ఇంగ్లీషులోనూ 'హెయిర్‌కట్' అనే అంటారు గాని, అది ఆర్థిక వార్తలలో వినిపించే మాటే తప్ప ఇంట్లో నలుగురి మధ్య దొర్లే నుడికారం కాదు. అందుకే ఆ పిల్లకు కత్తెర మాత్రమే కనిపించింది, జేబు కనిపించలేదు.

ప్రశ్న: "నా శ్రీమతి సెలూన్‌లో తగలేసే డబ్బుతో ఎకరం కొనవచ్చు" అని స్నేహితుల మధ్య అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ వాక్యంలో రెండో అర్థమిచ్చే పదం ఒక్కటీ లేదు, అతిశయోక్తి ఉంది, దాని వెనుక ఫిర్యాదు ఉంది. శ్లేష ఉన్నచోట వినేవారి దృష్టి మనిషి మీది నుంచి మాట మీదికి మళ్లుతుంది కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు, అది లేనప్పుడు మిగిలేది భార్యను నలుగురిలో తప్పుపట్టడమే. కత్తెర పట్టిన మనిషిని దొంగగా చూపించడం, ఆ వృత్తి చేసే కులం పేరును తిట్టుగా వాడడం కూడా హాస్యమనిపించుకోవని ఈ సందర్భంలో గట్టిగా చెప్పదలచాను. వారు చేసిన పనికి తగిన కూలి తీసుకుంటున్నారు. మీ మాటను మీ వైపే తిప్పుకుని ఇలా చెప్పి చూడండి: "బిల్లు చూసి జుట్టు పీక్కున్నాను, ఆ పని ముందే చేసి ఉంటే నా కటింగ్ డబ్బులైనా మిగిలేవి."