తెరలు చూసే ఉద్యోగమా? ఒకసారి మీ లాగ్ షీట్ తీయండి

ప్రశ్న: మాది తాడిపత్రి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. మా పాప అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ పూర్తిచేసింది. బెంగళూరులో ఒక కంపెనీలో ఐటీ సర్వీస్ మానిటరింగ్ అని ఉద్యోగం వచ్చింది. కోడింగ్ ఉండదంట. షిఫ్టుల్లో తెరల ముందు కూర్చుని, ఎర్ర లైటు వెలిగితే ఫోన్ చేయడమేనంట. ఇంత చదివించింది దీనికేనా అని ఇంట్లో గోల. గ్రూప్స్ కోచింగ్‌కు పంపుదామా అనుకుంటున్నాను. చేరడానికి పదిహేను రోజులే గడువుంది. ఏం చేయమంటారు?

జవాబు: చేర్పించండి. చేరేముందు కంపెనీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఎర్ర లైటు వెలిగితే ఫోన్ చేయడమేనని తేలిగ్గా రాశారు. మరి మీరు చేస్తున్నదేమిటండీ? గంటగంటకూ ఏ ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్లు, వోల్టేజీ ఎంత, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎంత వేడెక్కింది అని లాగ్ షీట్‌లో ఎక్కిస్తారు. పగటిపూట తొమ్మిది గంటల వ్యవసాయ కరెంటు నడిచేటప్పుడు ఒక ఫీడర్ మీద ఉండే లోడు అర్ధరాత్రి కనబడితే మీకు వెంటనే అనుమానం వస్తుంది. అంకె మారలేదు, వేళ మారింది. మీ పాప నేర్చుకోబోయే విద్యలో సగం ఇదే.

సర్వర్లయితే తమ లాగ్ షీట్‌ను తామే రాసుకుంటాయి. పండక్కి ఊరొచ్చేందుకు బెంగళూరులో ఎవరో ఫోన్‌లో బస్సు టికెట్ కొన్నారనుకోండి. నొక్కిన ప్రతి బటన్‌కూ ఎక్కడో ఒక వరుస పడుతుంది. ఎన్ని గంటలకు, ఏ పేజీ అడిగారు, జవాబుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, దాని పక్కన ఒక కోడ్. 200 ఉంటే పని జరిగినట్టు, 404 ఉంటే అడిగిన పేజీ లేనట్టు, 5తో మొదలైతే తేడా సర్వర్ వైపే. డబ్బు కట్టించుకునే వ్యవస్థ, డేటాబేస్, నెట్‌వర్క్ పెట్టెలు, ఎవరి చిట్టా వాళ్లది. ఈ రాతకోతలన్నిటినీ కలిపి మెషీన్ డేటా అంటారు. కుప్పలు తెప్పలుగా వచ్చిపడే ఆ వరుసలను మనిషి కూర్చుని చదవలేడు. అందులోంచి, టికెట్లు సాఫీగా అమ్ముడవుతున్నాయా లేదా అన్నది తేల్చే నాలుగైదు అంకెలు బయటికి తీయాలి. వాటినే కేపీఐలు అంటున్నారు.

ఏ అంకె తీయాలన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. సర్వర్ మీద లోడు నలభై శాతమే, మెమరీ ఖాళీగా ఉంది, డిస్కు బాగుంది, తెర నిండా పచ్చ లైట్లే. బయట మాత్రం డబ్బు కట్ అయి టికెట్ రానివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఈ రంగంలో దీనికి పుచ్చకాయ అని పేరు, పైన పచ్చ, కోస్తే ఎరుపు. మన జిల్లాలో కళింగర కాయ కోసి చూడనివారెవరు గనక, విడమరిచి చెప్పక్కర్లేదు. యంత్రం బాగుందా అని కొలిచారు, టికెట్ చేతికొచ్చిందా అని కొలవలేదు. అంతే తేడా.

సగటు ఇంకో మాయ. వందమంది టికెట్ కొంటే 95 మందికి సెకనులో పనైంది, ఐదుగురు 30 సెకన్లు ఎదురుచూశారు. సగటు తీస్తే 2.45 సెకన్లు, ఫర్వాలేదనిపిస్తుంది. ఆ ఐదుగురూ ఈపాటికి వేరే యాప్‌కు వెళ్లిపోయి ఉంటారు. అందుకే ఇక్కడ 99వ పర్సంటైల్ అడుగుతారు, అంటే నూటికి 99 మందికి ఎన్ని సెకన్లలోపు పనైందో ఆ అంకె. జేఈఈ మెయిన్ పుణ్యమా అని పర్సంటైల్ అంటే ఏమిటో మీ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది, ఇక్కడ తేడా ఒక్కటే, ఎక్కువ వస్తే సంతోషించకూడదు. అలాగే 99.9 శాతం సమయం సర్వీసు నడుస్తుందని కంపెనీ ఒప్పుకుంటే, 30 రోజుల్లో ఆగడానికి దానికి మిగిలేది 43 నిమిషాల 12 సెకన్లు. ఇంకో తొమ్మిది చేర్చి 99.99 అంటే నాలుగు నిమిషాల 19 సెకన్లే. రాత్రి షిఫ్టులు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

మీ ఇంట్లోవాళ్ల భయం పూర్తిగా తప్పని అనను. ఒట్టి తెర చూస్తూ కూర్చునే పని యంత్రాల చేతికి పోతోంది, పోవాల్సిందే కూడా. రాత్రికి రెండొందల హెచ్చరికలు మోగి అందులో నూటతొంభై ఉత్తవే అయితే, మనిషి పదిరోజుల్లో వాటిని పట్టించుకోవడం మానేస్తాడు. అసలైనది ఆ గోలలోనే కొట్టుకుపోతుంది. ఏ హెచ్చరిక మోగాలి, ఎంత దాటితే మోగాలి, సోమవారం పొద్దున పదింటికి ఒక హద్దు, ఆదివారం తెల్లవారుజామున ఇంకో హద్దు ఎందుకుండాలి, ఇవి తేల్చే మనిషికి గిరాకీ ఉంటుంది. మీ పాప మొదటి కుర్చీలో చేరి రెండో కుర్చీకి మారాలి. ఏడాదిన్నరకు మించి మొదటి కుర్చీలో ఉండనివ్వకండి.

దానికి లైనక్స్, కొంచెం పైథాన్, నెట్‌వర్కింగ్ మొదలుపెట్టమనండి. ఈ మెషీన్ డేటాను వెతికిపెట్టే పరికరాల్లో పెద్ద పేరు స్ప్లంక్. 2003లో పుట్టిన కంపెనీ, 2024 మార్చిలో సిస్కో దాదాపు 2,800 కోట్ల డాలర్లకు కొనేసింది. గుహల్లో దూరి వెతకడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాట నుంచి ఆ పేరు పెట్టుకున్నారు. మీకు బెలుం గుహలు దగ్గరే, పాప ఎప్పుడో చూసే ఉంటుంది. సర్వర్ల చిట్టాల్లో వెతకడం అచ్చం అలాగే ఉంటుంది, దారి తెలిసినవాడికే లోపలి గదులు. వీళ్ల ఐటీ సర్వీస్ ఇంటెలిజెన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఒక సర్వీసు కింది కేపీఐలన్నీ కలిపి వందకు ఇన్ని అని ఆరోగ్య మార్కు వేస్తుంది. ఏ కేపీఐకి ఎంత బరువో మాత్రం మనిషే చెప్పాలి. రోజుకు 500 ఎంబీ డేటా దాకా స్ప్లంక్‌ను ఉచితంగా వాడుకోవచ్చు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవడానికి అది ఎక్కువే. అంకెలు పోగుచేసే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా గీసే గ్రఫానా ఎలాగూ ఓపెన్ సోర్స్, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వీటికోసం ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ వేలకు వేలు కట్టకండి. అనుభవం లేకపోయినా ఉన్నట్టు లెటర్ ఇస్తామనే చోటికైతే గుమ్మం కూడా తొక్కొద్దు.

కంపెనీకి పాప చేత ఒక మెయిల్ పెట్టించండి. నెలకు ఎన్ని రాత్రి షిఫ్టులు, రాత్రి క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు. ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. హెచ్చరికల హద్దులు ఈ టీమే రాస్తుందా, ఇంకెవరో రాసి పంపితే వీళ్లు చూస్తారా? టీమే రాస్తుందంటే మారు ఆలోచన వద్దు. చూడడం ఒక్కటే అంటే, ఎన్నాళ్లకు రాసే పనిలోకి మారుస్తారో అడిగించండి. జవాబు దాటవేస్తే అప్పుడు మళ్లీ నాకు రాయండి.

గ్రూప్స్ సంగతి. పాపకు ఆ మనసుందని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, ఉన్నది మీకే అనిపించింది. ఒకసారి తననే అడగండి.

ఈ పదిహేను రోజుల్లో ఇంకో పని. మీ ఏఈ గారి అనుమతి తీసుకుని, ఒక నెల లాగ్ షీట్లలోని ఫీడర్ లోడు, ఆయిల్ వేడి పాప చేత ఎక్సెల్‌లోకి ఎక్కించి, గ్రఫానాలో గీయించండి. ఏ గంటకు ఎంత దాటితే గంట మోగాలో మీరు చెప్పండి, తను రాస్తుంది.