సెన్సార్ మార్చినా ఏబీఎస్ లైటు ఆరకపోతే

ముందువైపు ఎడమ చక్రానికి కొత్త సెన్సార్ వేసినా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) హెచ్చరిక లైటు బండి కదలగానే వస్తోందని అడిగారు. స్టార్ట్ చేయగానే ఆరిన లైటు బండి కదిలాక మళ్లీ వెలుగుతోందంటే వైరు తెగి ఉండే అవకాశం తక్కువ. సెన్సార్ కొత్తదే కనుక, నా అనుమానం యాక్సిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) మీది పళ్ల రింగుపైనే; చక్రం వేగాన్ని సెన్సార్ ఆ పళ్లను బట్టే పసిగడుతుంది. పాత కార్లలో దాని కింద తుప్పు ఉబ్బి రింగు చీలుతుంది.

1. చక్రం విప్పే ముందు కారును స్టాండుపై నిలపండి. జాకీని ఒక్కదాన్నే నమ్మవద్దు.
2. యాక్సిల్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ టార్చితో ప్రతి పన్నూ చూడండి. అందరూ వదిలేసేది ఇదే: కనిపించిన వైపు చూసి బాగుందంటారు, వెంట్రుకంత చీలిక వెనక ఉంటుంది.
3. చీలితే రింగు మార్చాలి. చీలిక లేకపోతే సెన్సార్ కూర్చునే చోట తుప్పు గీకండి.

ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బండి నడపవద్దు.