అంతర్విభాగ పీహెచ్‌డీకి పరిశోధన ప్రతిపాదనను ఎలా సిద్ధం చేసుకోవాలి?

రెండు శాస్త్రాలను కలిపే పరిశోధనకు ప్రతిపాదనను వాటి పేర్లతో కాక, ఏ ఒక్క శాస్త్రమూ తనంతట తాను తేల్చలేని ప్రశ్నతో మొదలుపెట్టాలి. ‘వరద హెచ్చరికలు’ అనేది అంశం మాత్రమే. ‘హెచ్చరిక ముందే అందినా కొన్ని కుటుంబాలు ఇల్లు ఎందుకు వదలవు?’ అన్నది ప్రశ్న. దీనికి నీటిమట్టాల లెక్కలూ కావాలి, ఇంటింటి ముఖాముఖీలూ కావాలి. ఈ రెండు రకాల సమాచారం ఎక్కడ, ఏ క్రమంలో కలుస్తుందో వివరించే పేరాయే ప్రతిపాదనకు ప్రాణం కాబట్టి, ఎక్కువ సమయం దానికే కేటాయించండి. ‘నమూనా’ అంటే ఒక రంగంలో గణితరూపం, మరో రంగంలో సర్వేకు ఎంచుకున్న జనం. అందుకే కీలక పదాలన్నిటినీ నిర్వచించడం తప్పనిసరి. ముఖాముఖీలకు నైతిక అనుమతి (మనుషులపై చేసే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ ఇచ్చే ఆమోదం) పొందేందుకు పట్టే కాలాన్ని ప్రణాళికలో చూపండి. సమర్పించే ముందు ఇరు రంగాల పర్యవేక్షకులతోనూ చదివించండి.