వైఫై పేరు దాచిపెడితే భద్రత వస్తుందా?

ప్రశ్న: ఇంట్లో కొత్తగా వైఫై రూటర్ పెట్టుకున్నాం. నెట్‌వర్క్ పేరు ఇతరులకు కనిపించకుండా దాచాను. మా పరికరాల మ్యాక్ అడ్రసులకు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యలకు) మాత్రమే అనుమతి ఇచ్చాను. పాస్‌వర్డ్ అందరికీ గుర్తుండాలని ఎనిమిది అంకెలు పెట్టాను. ఈ జాగ్రత్తలు చాలునా? చివరి గదిలో సిగ్నల్ సరిగా అందకపోవడానికి కారణం ఏమిటి?

జవాబు: మీరు శ్రమపడి చేసిన మొదటి రెండు పనుల వల్ల భద్రత దాదాపు ఏమీ పెరగలేదు, తేలికగా తీసుకున్న మూడో విషయంలోనే అసలు ప్రమాదం ఉంది. పేరు దాచినా, మీ ఫోన్ రూటర్‌తో కలిసే ప్రతిసారీ ఆ పేరు గాలిలో బాహాటంగానే వెళుతుంది. మ్యాక్ అడ్రసులు కూడా ఎన్‌క్రిప్ట్ కావు, అంటే రహస్య రూపంలోకి మారవు కనుక, వాటిని విని తన పరికరానికి తగిలించుకోవడం తెలిసినవారికి పెద్ద పని కాదు. పైగా నేటి ఫోన్లు చాలావరకు అసలు అడ్రసుకు బదులు మారుపేరు లాంటి అడ్రసును వాడతాయి కాబట్టి, ఆ జాబితా చివరకు మీ ఇంటివాళ్లనే ఇబ్బంది పెడుతుంది. రెండింటినీ తీసేయవచ్చు.

పాస్‌వర్డ్ సంగతి వేరు. వైఫై రక్షణ పద్ధతుల్లో ఒకటైన డబ్ల్యూపీఏ2లో ఫోన్, రూటర్ ఒకదాన్నొకటి గుర్తించే క్రమంలో మార్చుకునే సందేశాలను ఎవరైనా ఒక్కసారి పట్టుకుంటే చాలు, ఆ తర్వాత మీ ఇంటి దరిదాపుల్లో ఉండనవసరం లేకుండా, తన కంప్యూటర్‌లోనే ఒక్కొక్క పాస్‌వర్డూ వేసి సరిచూసుకోవచ్చు. ఎనిమిది అంకెలతో సాధ్యమయ్యేవి 10 కోట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు లక్షల చొప్పున పరీక్షిస్తుంది కనుక అవన్నీ నిమిషాల్లో అయిపోతాయి. అందుకే పొడవే ముఖ్యం. పాస్‌వర్డ్‌లో 63 అక్షరాల వరకు వీలుంది కాబట్టి, పొంతన లేని అయిదారు మాటలను వరుసగా పెట్టండి. సామెతలూ పాటల పల్లవులూ మాత్రం వద్దు, ఊహించేవారు ముందుగా ప్రయత్నించేవి అలాంటివే.

రూటర్‌లో దాని తర్వాతి పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉంటే దాన్నే ఎంచుకోండి. 2018లో వచ్చిన ఈ పద్ధతిలో సందేశాలను పట్టుకుని తీరికగా ఊహించే అవకాశం లేదు, ప్రతి ప్రయత్నమూ రూటర్‌తో నేరుగా జరగవలసిందే. పాత పరికరాలు దీనితో కలవకపోతే డబ్ల్యూపీఏ2ను ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ విధానంతో వాడండి. 2001లోనే లోపాలు బయటపడిన వెప్ అనే పాత రక్షణ పద్ధతి జోలికి మాత్రం వెళ్లవద్దు. పాస్‌వర్డ్ టైప్ చేయకుండానే పరికరాన్ని కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను ఆపేయండి. దాని ఎనిమిది అంకెల్లో చివరిది మిగతావాటి నుంచి లెక్కగట్టేది, పైగా రూటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది. అందువల్ల దొరకబుచ్చుకోవడానికి గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలు చాలునని 2011లో బయటపడింది.

ఇక చాలామంది మరచిపోయేది రూటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్. వైఫై పాస్‌వర్డ్, ఇది ఒకటి కావు. కొన్ని రూటర్లలో కంపెనీ ముందుగా పెట్టినది ఆ మోడల్ అంతటికీ ఒక్కటే. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఇలాంటి మార్చని పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాలనూ రూటర్లనూ లోబరచుకుంది. దీన్ని ఈ రోజే మార్చి, బయటి ఇంటర్నెట్ నుంచి ఆ పేజీని తెరిచే సదుపాయం ఉంటే ఆపేయండి. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆగిపోయిన రూటర్‌ను మార్చడమే మేలని నా అభిప్రాయం. అతిథులకూ, ఇంట్లోని కెమెరాలు, టీవీల వంటి వాటికీ గెస్ట్ నెట్‌వర్క్‌ను (అదే రూటర్ విడిగా ఇచ్చే మరో నెట్‌వర్క్‌ను) కేటాయించండి.

చివరి గది విషయానికి వస్తే, వైఫై వాడే రేడియో తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే అయినా గోడలను దాటడంలో 2.4 గిగాహెర్ట్జ్ కంటే బలహీనం. రూటర్‌ను ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున, లోహపు వస్తువులకు దూరంగా ఉంచి, ఆ గదిలో 2.4ను వాడి చూడండి. చుట్టుపక్కల నెట్‌వర్కులు ఎక్కువైతే 2.4లో ఛానెల్‌ను 1, 6, 11లలో రద్దీ తక్కువున్న దానికి మార్చండి. అప్పటికీ అందకపోతే, ఆ గదికి కేబుల్ వేసి మరో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పరికరం) పెట్టడం, సిగ్నల్‌ను గాలిలోనే అందుకుని తిరిగి పంపే రిపీటర్ కంటే నిలకడగా పనిచేస్తుంది. అయితే యాక్సెస్ పాయింట్ సెట్టింగులకూ విడిగా పాస్‌వర్డ్ ఉంటుంది, దాన్ని కూడా మార్చాలి.