హాలోవీన్ రాత్రి చాక్లెట్లకన్నా ముందు రోడ్డు చూసుకోండి

అక్టోబరు 31న హాలోవీన్ రాత్రి ఇక్కడ పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు అడిగి తెచ్చుకుంటారు. అక్టోబరు రాగానే అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగేది ఒకటుంది: "ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇచ్చిన చాక్లెట్లు పిల్లలచేత ఎలా తినిపిస్తాం, అందులో ఏమైనా కలిపి ఉంటే?" మొదటి ఏడాది నాకూ అదే టెన్షన్. మా అబ్బాయి తెచ్చిన సంచీ అంతా టేబుల్ మీద పోసి ఒక్కొక్కటీ లైటు కింద తిప్పి తిప్పి చూశాను. 1974లో టెక్సాస్‌లో ఒక పిల్లాడు హాలోవీన్ రాత్రి సైనైడ్ కలిపిన క్యాండీ తిని చనిపోయిన మాట నిజమే, కానీ అది కలిపింది ఇన్సూరెన్సు డబ్బు కోసం ఆ పిల్లాడి కన్నతండ్రి. చిరిగిన ప్యాకెట్లు, విడిగా చుట్టి ఇచ్చినవి పారేయండి. గంజాయి కలిపిన గమ్మీలు (జెల్లీలాంటి మెత్తటి మిఠాయిలు) అచ్చం మామూలు క్యాండీలాగే ఉంటాయి కాబట్టి పేరు తెలియని ప్యాకెట్ కనిపిస్తే అదీ తీసేయండి. ఆ మాత్రం జాగ్రత్త చాలు.

మీరు నిజంగా భయపడాల్సింది కార్లకి. 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ళ లెక్కలు చూసిన పరిశోధకులు, హాలోవీన్ సాయంత్రం నడిచి వెళ్ళేవాళ్ళు వాహనాల కింద పడి చనిపోయే ప్రమాదం ఆ ముందు వారం, తర్వాతి వారం అదే రోజు సాయంత్రాలకన్నా 43 శాతం ఎక్కువని, 4 నుంచి 8 ఏళ్ళ పిల్లల్లో అయితే ఏకంగా 10 రెట్లని తేల్చారు. చీకటి పడేవేళ, నల్లటి బట్టలు, చాక్లెట్ల సంబరంలో ఎదురింటికి పరుగెత్తే పిల్లలు, అదే సమయానికి ఆఫీసు నుంచి ఇంటికొచ్చే కార్లు.

మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు నల్ల సూటు, ముఖానికి ప్లాస్టిక్ మాస్కు. నాలుగో ఇంటి డ్రైవ్‌వే దాటుతుంటే ఒక వ్యాన్ వెనక్కి వస్తోంది. మాస్కు జారి కంటి కన్నం బుగ్గ మీదికొచ్చింది, వాడికి ముందేమీ కనపడక అలాగే నడిచిపోతున్నాడు. కాలరు పట్టి వెనక్కి లాగాను, వ్యాన్ వెనక లైటు ఎరుపు వాడి చేతిలో ఉన్న బకెట్ మీద పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి మా ఇంట్లో మాస్కు లేదు, ముఖానికి రంగులే. కాస్ట్యూమ్ వీపు మీద, సంచీ మీద లైటు పడితే మెరిసే టేపు అంటిస్తాను, అంచు కాళ్ళకి అడ్డం పడకుండా చీలమండ పైకి మడిచి కుట్టేస్తాను, చేతికి టార్చి ఇస్తాను. పన్నెండేళ్ళ లోపు పిల్లల వెంట పెద్దవాళ్ళు ఉండాల్సిందే, వాళ్ళు ఎంత గునిసినా సరే.

ఇంకో మాట, ఇది మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. బయట పోర్చ్ లైటు వెలుగుతుంటేనే ఆ ఇంటి తలుపు కొట్టాలి, లైటు ఆర్పి ఉంటే రావద్దని అర్థం. 1992లో లూసియానాలో చదువుకోవడానికి వచ్చిన ఒక జపాన్ కుర్రాడు హాలోవీన్ పార్టీకని అడ్రసు పొరబడి వేరే ఇంటికి వెళ్ళాడు, ఇంటాయన "ఫ్రీజ్" (కదలకు, ఆగు) అని అరిస్తే ఆగకుండా ముందుకి నడిచాడు, ఆయన తుపాకీతో కాల్చేశాడు. కుర్రాడికి 16 ఏళ్ళు. అందుకే మన పిల్లలకి ఆ మాటకి అర్థం ముందే చెప్పి ఉంచండి, అసలు తుపాకీలాగా కనిపించే బొమ్మ తుపాకులు కాస్ట్యూమ్‌తో పంపకండి.

తిండి విషయానికొస్తే, శాకాహారులైతే గమ్మీలు, మార్ష్‌మాలోల్లో చాలావాటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, కవరు మీద చదవండి. పల్లీల ఎలర్జీ ఉన్న పిల్లలుంటే ఇంటికొచ్చేదాకా ఏదీ నోట్లో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. నాలుగేళ్ళ లోపువాళ్ళకి గట్టి క్యాండీలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

కొన్నేళ్ళు మన దీపావళి కూడా హాలోవీన్ పక్కనే వస్తుంది, 2024లో అయితే రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. సింథటిక్ కాస్ట్యూమ్ వేసుకున్న పిల్లలు గుమ్మం దగ్గర ప్రమిదల మధ్య తిరుగుతుంటే చూస్తూ ఊరుకోకండి. ఆ పూట ప్రమిదలు ఎత్తులో పెట్టండి, హాలోవీన్‌కి ముఖంలా చెక్కి పెట్టే గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. పిల్లలు తినకూడనిది ఏదైనా తిన్నారని అనుమానం వస్తే విషం విషయంలో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కి రోజంతా ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు తీసుకోరు. ఊపిరాడకపోతే, స్పృహ తప్పితే మాత్రం నేరుగా ఎమర్జెన్సీ నంబరు 911. ఆ రెండు నంబర్లూ ఫ్రిజ్ తలుపు మీద అంటించి, ఇండియా నుంచి వచ్చిన అమ్మావాళ్ళు, నాన్నావాళ్ళు ఉంటే వాళ్ళకీ చూపించండి.