ఎస్ స్కేల్ పెరగకపోతే పోతుందా? పన్నెండేళ్ళుగా అందులోనే ఉన్నవాడి మాట

మోడల్ రైళ్ళలో ఎక్కువమంది వాడే హెచ్ఓ స్కేల్ వదిలి ఎస్‌కి మారదామనుంది కానీ జనం తక్కువ, కంపెనీలు ఇంకా తక్కువ, ఈ స్కేల్ పెరగకపోతే పదేళ్ళ తర్వాత నా సామానుకి దిక్కెవరు అని అడిగారు కదా. నేను హెచ్ఓ నుంచి వచ్చినవాణ్ణే, వచ్చి పన్నెండేళ్ళయింది. నన్నడిగితే పెరగక్కర్లేదండి, చక్రాలూ పట్టాలూ కప్లర్లూ (బళ్ళని ఒకదానికొకటి తగిలించే కొక్కేలు) దొరుకుతూ ఉంటే చాలు.

తెలీనివాళ్ళ కోసం ఒక ముక్క, ఎస్ అంటే 1:64, అసలు రైలులో అరవై నాలుగో వంతు, పట్టాల మధ్య దూరం (గేజ్) సుమారు 22.5 మిల్లీమీటర్లు. నలభై అడుగుల బాక్స్‌కార్ (మూసి ఉండే సరుకు పెట్టె) హెచ్ఓలో అయిదున్నర అంగుళాలు వస్తే ఎస్‌లో ఏడున్నర, ఇంకా పెద్దదైన ఓ స్కేల్లో పది. వినడానికి రెండంగుళాలే తేడా, చేతిలోకి తీసుకుంటే మాత్రం హెచ్ఓ బండికి రెండున్నర రెట్లు ఒళ్ళుంటుంది, బ్రేక్ పైపులు నా కళ్ళకి కనిపిస్తాయి, అయినా గది మొత్తం తినెయ్యదు. నేను మారింది అందుకే, జనాన్ని లెక్కపెట్టి కాదు.

మీ భయం నాకూ ఉండేది, అబద్ధమెందుకు. ఒక చిన్న తయారీదారు డీజిల్ ఇంజన్ తెస్తున్నాం అంటే అడ్వాన్స్ కట్టా, ఇదిగో అదిగో అంటూ రెండేళ్ళు లాగి చివరికి బుకింగులు సరిపోలేదు అని డబ్బు వాపసిచ్చేశారు. ఆ రోజు నేనూ అందరితో పాటు ‘ఈ స్కేల్ పెరగాలి బాబోయ్’ అని గోల పెట్టినవాణ్ణే. కోపం తగ్గాక కూర్చుని ఆలోచిస్తే విషయం వేరేలా కనిపించింది. ప్లాస్టిక్ బాడీ పొయ్యాలంటే స్టీల్ అచ్చు చెయ్యాలి, హెచ్ఓ అచ్చయినా ఎస్ అచ్చయినా ఖర్చు కొంచెం అటూ ఇటూ అంతే, ఆ ఖర్చుని హెచ్ఓలో వేలమంది పంచుకుంటారు, ఇక్కడ వందల్లో ఉన్నవాళ్ళం పంచుకోవాలి. మన సంఖ్య రెట్టింపైనా వందలు వందలే కదా, హెచ్ఓలా నెలకో కొత్త ఇంజన్ ఎట్లాగూ రాదు. పైగా ఉన్న కాసింతమందిమీ రెండు ముక్కలం, పాత బొమ్మరైళ్ళ లోతు అంచు చక్రాలు (పట్టా పక్కన కిందికి దిగే అంచు పెద్దగా ఉన్నవి) కావాలనేవాళ్ళు ఒకవైపు, సన్నటి స్కేల్ చక్రాలు కావాలనేవాళ్ళు ఇంకోవైపు, ఒకళ్ళ బండి ఇంకొకళ్ళ పట్టాల మీద సరిగ్గా నడవదు.

ఇంకోటి, ఎస్ ఒకప్పుడు పెరిగి చూసిందే. అమెరికాలో 1946 నుంచి గిల్బర్ట్ కంపెనీ అమెరికన్ ఫ్లైయర్ రైళ్ళని ఎస్ గేజ్‌లో అమ్మింది, 1950ల్లో ఇళ్ళిళ్ళకీ వెళ్ళాయి. ఆ భారమంతా ఒకే కంపెనీ నెత్తిన ఉండేది, 1967లో అది దివాలా తీసేసరికి స్కేల్ మొత్తం చతికిలబడింది, పేరు మాత్రం ఇంకో బొమ్మరైళ్ళ కంపెనీ లయనెల్ చేతికి వెళ్ళింది. అటు బ్రిటన్‌లో ఎస్ వాళ్ళ సొసైటీ కూడా 1946లోనే పెట్టారు, వాళ్ళకి రెడీమేడ్ ఇంజన్లంటూ దాదాపు ఏమీ రాలేదు, అయినా ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే మొదట్నుంచీ చేత్తో కట్టుకోవడం అలవాటు, షాపు మూతపడితే వాళ్ళకి పోయేదేం లేదు. ఇంకా మంచి ఉదాహరణ అక్కడి ట్రయాంగ్ అనే బొమ్మల కంపెనీ తెచ్చిన టీటీ అనే చిన్న స్కేల్, 1957లో వచ్చింది, పదేళ్ళు తిరక్కుండానే దుకాణం సర్దేసింది. ఆ స్కేల్ వాళ్ళు 1965లో పెట్టిన 3ఎంఎం సొసైటీ మాత్రం సభ్యులకి చక్రాలూ పట్టాలూ ఈనాటికీ అందిస్తోంది. పెద్ద కంపెనీ లేకుండా అన్నేళ్ళు!

నా భయం పోయింది మాత్రం ఈ చరిత్ర చదివి కాదు, ఒక టర్నౌట్ (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాల చీలిక) కట్టాక. నాకు కావాల్సిన టర్నౌట్ ఎక్కడా స్టాకు లేదు, విసుగొచ్చి పట్టా కడ్డీలూ, రాగిపూత ఉన్న సర్క్యూట్ బోర్డు స్లీపర్లూ తెప్పించి డైనింగ్ టేబుల్ మీద మొదలుపెట్టా. పాయింట్ల (అటూ ఇటూ కదిలే పట్టా ముక్కల) మొనలు కత్తి అంచులా వచ్చేదాకా ఆకురాయితో అరగదీస్తూ ఉంటే వేళ్ళు నల్లగా అయిపోయాయి, నాలుగు సాయంత్రాలు పట్టింది. మల్టీమీటర్ పెడితే ఒకటే కీచుమని అరుపు, అంటే రెండు పట్టాల మధ్యా కరెంటు షార్ట్. ఒక స్లీపర్ మీద రాగిపూతని మధ్యలో గీసి తెంచడం మర్చిపోయా, అది పట్టుకోడానికే ఒక రాత్రి. తర్వాత వ్యాగన్ నెడితే ఫ్రాగ్ (రెండు దారుల పట్టాలు దాటుకునే చోటు) దగ్గర ఒకే ఇరుసు ఎగిరి పడుతోంది, టర్నౌట్ని తిట్టుకుంటూ మళ్ళీ విప్పబోయి ఎందుకో చక్రాలకి కొలత గేజ్ పెట్టి చూస్తే తప్పు చక్రాలది, ఆ ఇరుసు మీద రెండూ వెంట్రుకవాసి దగ్గరగా ఉన్నాయి. కాస్త తిప్పి లాగితే సరిపోయింది. ఆ వ్యాగన్ గతుకు లేకుండా దాటిన రోజు నుంచి ఏ కంపెనీ మూస్తారో అన్న బెంగ నాకు పెద్దగా లేదు.

అందుకే నేను చూసుకునేవి నాలుగే, చక్రాలు, పట్టా కడ్డీ, కప్లర్లు, మోటార్. కప్లర్లకి కేడీ కంపెనీ 802 ఉంది, మోటార్లు ఏ స్కేల్‌వైనా సర్దుకోవచ్చు, బాడీలు ఇప్పుడు రెజిన్ ప్రింటర్ మీద ఒకటి కావాలంటే ఒకటే తీసుకోవచ్చు, దానికి కనీసం ఇన్ని బుకింగులు అనే గొడవే లేదు. రోడ్డు మీద పెట్టే కార్లకైతే మనమే రాజులం, 1:64 డైకాస్ట్ బళ్ళు ఎక్కడ చూసినా ఉంటాయి (బొమ్మకార్లన్నీ కచ్చితమైన స్కేల్ కావు లెండి, కొలిచి కొనండి). కంపెనీ పోయినా అచ్చులు పోవు, అదొకటి గుర్తుపెట్టుకోండి. ఎస్ బళ్ళు చేసిన ఎస్ హెల్పర్ సర్వీస్ వాళ్ళ అచ్చులు ఎంటీహెచ్ అనే కంపెనీకి వెళ్ళాయి, ఎంటీహెచ్ ఎస్ నుంచి తప్పుకునేటప్పుడు దాని ఎస్ అచ్చులు కొన్ని స్కేల్‌ట్రైన్స్ అనే ఇంకో కంపెనీ కొనుక్కుంది.

కొత్తవాళ్ళు రావద్దని కాదండోయ్, వస్తే సంతోషమే, పాతవాళ్ళు పోయినప్పుడు ఆ ఖాళీ నింపేంతమంది అయితే రావాలి. కానీ పెరగాలి పెరగాలి అని రాసేవాళ్ళలో సగంమంది పెట్టె తెరిచి పట్టాల మీద పెట్టేసే బళ్ళు కావాలనేవాళ్ళే. ఆ కోరిక తప్పు కాదు, దానికి హెచ్ఓ ఉందిగా.

మీరు మారాలనే ఉంటే ముందు ఇంజన్ కొనకండి. ఒక వ్యాగన్ కిట్టూ గజం పట్టా తీసుకుని ఒక నెల దాంతో ఆడండి. ఆర్డర్ పెట్టేముందు చక్రాలు స్కేల్‌వా లోతు అంచువా అని అమ్మేవాళ్ళని అడగండి, నేను అడక్క మొదటి మూడు వ్యాగన్లకీ చక్రాలు మార్చుకోవాల్సొచ్చింది.